రెయిలింగ్ పట్టుకోకపోతే గేట్ పాస్ ఆపేస్తారా? ఆయిల్, గ్యాస్ ప్లాంట్లలో సేఫ్టీ రూల్స్ శ్రుతిమించాయా?

గొట్టాలమనిషి: మెట్లు దిగుతూ రెయిలింగ్ పట్టుకోలేదని నా గేట్ పాస్ ఆపేశారు. కూలి పోయింది. ఓ చేతిలో టూల్ బ్యాగ్, ఇంకో చేతిలో గ్యాస్ డిటెక్టర్. మూడో చెయ్యి ఎక్కణ్ణించి తేను? ఈ రూల్స్ మనుషుల కోసమా, ఆడిట్ కోసమా?

పర్మిట్_బాబాయ్: బ్యాగ్ భుజానికి తగిలించుకోవచ్చుగా. రూల్స్ ఊరికే రాలేదు తమ్ముడూ. 1988 జులై 6, నార్త్ సీలో పైపర్ ఆల్ఫా అనే ఆయిల్ ప్లాట్‌ఫామ్. కండెన్సేట్ (గ్యాస్ నుంచి దిగే ద్రవం) పంపు సేఫ్టీ వాల్వ్ తీసి, ఆ చోట బ్లైండ్ ఫ్లాంజ్, అంటే మూత పలక పెట్టారు. వాల్వ్ లేదని చెప్పే పర్మిట్ (పని అనుమతి కాగితం) నైట్ షిఫ్ట్ కంటపడలేదు. రెండో పంపు ఆగిపోతే దీన్ని స్టార్ట్ చేశారు. లీకై పేలింది. 167 మంది పోయారు.

గొట్టాలమనిషి: నేను మెట్ల గురించి అడిగితే మీరు పంపు గురించి చెప్తారేంటి?

పర్మిట్_బాబాయ్: రెండూ ఒకటే. మెట్ల దగ్గర లెక్కలేనివాడికి పర్మిట్ దగ్గర ఉంటుందా?

ఉప్పుగాలి: గడ్డం తీసెయ్యమంటే నేనూ గొడవపడ్డా. మాస్క్ ముఖానికి బిగుతుగా అతుకుతుందో లేదో చూసే ఫిట్ టెస్ట్‌లో, గడ్డం వల్ల మాస్క్ లీకయింది. హెచ్‌టూఎస్ అనే విషవాయువు 100 పీపీఎం (పది లక్షల పాళ్ళ గాలిలో వంద పాళ్ళు) దాకా వెళ్తే ముక్కు మొద్దుబారి వాసనే తెలీదు. ఆ రూల్‌కి దండం పెడతా. మెట్లది మాత్రం అతి.

కంట్రోల్‌రూమ్: రెండూ ఒకటి కాదు బాబాయ్. 2005 మార్చి 23, టెక్సస్ సిటీ రిఫైనరీ. టవర్ నిండి పొర్లి పేలింది, 15 మంది పోయారు. అంతా కాంట్రాక్ట్ వాళ్ళే, ట్రెయిలర్లు ఆ యూనిట్ పక్కనే పెట్టారు. జారిపడ్డ, చెయ్యి తెగిన లెక్కలు తగ్గాయి కదా, అంతా బాగుందనుకున్నారు.

పర్మిట్_బాబాయ్: మెట్ల మీంచి పడి తల పగిలినవాడి ఇంటికి ఫోన్ చేసింది మీరు కాదు, నేను. నీతులు నాకు చెప్పకండి.

దారినపోయే: 👀

గొట్టాలమనిషి: అయితే ఇదీ వినండి. పోయినసారి రిపేర్ల కోసం ప్లాంట్ ఆపిన షట్‌డౌన్‌లో, లీక్ టెస్ట్ చేస్తూ ఓ ఫ్లాంజ్ (పైపుల జాయింట్) దగ్గర సబ్బునీళ్ళు పోస్తే బుడగలొస్తూనే ఉన్నాయి. జాయింట్ మధ్య ఉండే గ్యాస్కెట్ మార్చాలి, పని ఆపండన్నా. ‘ఎవరైనా పని ఆపొచ్చు’ అని రాసిన కార్డు నా జేబులోనే ఉంది. ఫోర్‌మన్ నవ్వి, ‘స్టార్టప్ లేటైతే పైవాళ్ళకి నువ్వు చెప్తావా?’ అన్నాడు. మర్నాటి నుంచి నాకు పిలుపు లేదు. రెయిలింగ్‌కి నన్ను ఆపారు సరే, ఆయన్ని ఆపేదెవరు?

పర్మిట్_బాబాయ్: ఆ టెస్ట్ కాగితం మీద సంతకం ఎవరిది?

గొట్టాలమనిషి: మీలాంటి సేఫ్టీ ఆయనదే.

పర్మిట్_బాబాయ్: నాదీ ఏడాదికోసారి రెన్యూ అయ్యే కాంట్రాక్టే. సంతకం పెట్టనంటే ఇంకొకణ్ణి తెచ్చుకుంటారు. అది వేరే గొడవ. మెట్ల విషయంలో నా మాట మారదు.

కంట్రోల్‌రూమ్: వేరే గొడవెలా అవుతుంది బాబాయ్, ఇందాకట్నుంచీ ఆయన అడుగుతున్నది అదేగా!