స్కోర్లు సమం, చివరి బ్యాటర్ ఇంకా గేటు దగ్గరే – స్కోర్‌బుక్‌లో ఏం రాయాలి? 1919 టాంటన్ మ్యాచ్ సంగతేంటి?

బ్రిస్టల్ స్కోరర్:
అందరికీ నమస్కారం. నేను ఇంగ్లండ్‌లో బ్రిస్టల్ దగ్గర ఒక ఊరి క్లబ్బుకి శనివారాలు స్కోరు రాస్తుంటాను. మొన్నటి లీగ్ మ్యాచ్‌లో ఒక తగువు వచ్చింది, ఇంకా తెగలేదు. రెండో బ్యాటింగ్ మాది. స్కోర్లు సమం అయ్యాక తొమ్మిదో వికెట్ పడింది. గెలవడానికి ఒక్క పరుగు చాలు, ఓవర్లు కూడా మిగిలున్నాయి. మా పదకొండో అబ్బాయికి ఫీల్డింగ్ చేస్తుంటే తొడ కండరం పట్టేసింది. తనతో పని పడదనుకుని ప్యాడ్లు కూడా కట్టుకోలేదు. ఇద్దరం చెరో కాలికీ ప్యాడ్ కట్టి, పట్టుకుని లేపి పంపాం. గేటు దాటుతుండగానే అవతలి జట్టు అప్పీలు చేసింది, అంపైర్ ఔట్ ఇచ్చేశాడు.

అవతలి స్కోరర్ అతని పేరు ఎదురుగా ‘ఆబ్సెంట్ హర్ట్’ (గాయం వల్ల బ్యాటింగ్‌కి దిగలేదు) అని రాసింది. నేను గడి ఖాళీగా వదిలేశాను. రెండు పుస్తకాలూ ఒకేలా ఉండాలని లీగ్ సెక్రటరీ అడుగుతున్నారు. ఏది రాయాలి? ఇంకోటి, మా కెప్టెన్ ‘అసలు బంతే వేయలేదు, పదో వికెట్ ఎలా పడినట్టు? ఇది టై ఎలా అవుతుంది?’ అంటున్నాడు.

క్లబ్బులో ఒక పెద్దాయన ‘టాంటన్‌లో, అదే సోమర్సెట్ కౌంటీ జట్టు మైదానంలో, 1919లో అచ్చం ఇలాగే జరిగింది’ అన్నారు. వెతికితే ఒక చోట ఆ బ్యాటర్ ‘ఆబ్సెంట్’ అని ఉంది, ఇంకో చోట ‘టైమ్డ్ ఔట్’ (గడువులోపు రానందుకు ఔట్) అని ఉంది. తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పగలరా?

నెల్లూరు కుర్రాడు:
2023 వరల్డ్ కప్‌లో శ్రీలంక బ్యాటర్ ఏంజెలో మాథ్యూస్ కేసే కదన్నా ఇది. టైమ్డ్ ఔట్ అని రాసెయ్.

రిటైర్డ్ అంపైర్, విజయవాడ:
ముందు మీ పని అయిపోయే జవాబు చెప్తాను, తర్వాత టాంటన్ సంగతి.

మీ మ్యాచ్‌లో అప్పీలు జరిగింది, అంపైర్ ఔట్ ఇచ్చాడు. కాబట్టి రాయాల్సింది టైమ్డ్ ఔట్. క్రికెట్ చట్టాలు రాసే లండన్ క్లబ్బు ఎమ్‌సీసీ, వాళ్ళ ఇప్పటి చట్టాల్లో ఇది 40వ చట్టం. వికెట్ పడ్డాక మూడు నిమిషాల్లోపు కొత్త బ్యాటర్ బంతి ఎదుర్కోవడానికి సిద్ధంగా ఉండాలి. లేదా స్ట్రయిక్ రెండో బ్యాటర్‌దైతే, అతను బంతి ఆడేందుకు వీలుగా ఇతను తన ఎండ్‌లో ఉండాలి. మైదానంలో అడుగు పెడితే సరిపోదు. అంతర్జాతీయ వన్డేల్లో ఇదే గడువు రెండు నిమిషాలు, టీ20ల్లో 90 సెకన్లు. మీది క్లబ్ మ్యాచ్ కాబట్టి, లీగ్ నియమాల్లో వేరే చెప్పకపోతే మూడు నిమిషాలే లెక్క.

ఆబ్సెంట్ హర్ట్ అనేది వేరే పరిస్థితి. ఆటగాడు ఆస్పత్రిలో ఉన్నాడు, లేదా కెప్టెన్ ‘ఇతను దిగడు’ అని అంపైర్లకు చెప్పేశాడు అనుకోండి. అప్పుడు అప్పీలుతో పనే లేదు, ఇక దిగడానికి ఎవరూ లేరు కాబట్టి ఇన్నింగ్స్ అక్కడితో ముగుస్తుంది. మీ అబ్బాయి దిగుతున్నాడు, నడుస్తున్నాడు, ఆలస్యమైంది. అది ఆబ్సెంట్ ఎలా అవుతుంది?

బంతి వేయలేదన్న మీ కెప్టెన్ వాదన నిలవదు. టైమ్డ్ ఔట్‌కి బంతి అక్కర్లేదు. అందుకే ఆ వికెట్ ఏ బౌలర్ ఖాతాలోనూ పడదు, ఓవర్లో బంతి లెక్క కూడా పెరగదు. ఇన్నింగ్స్ పూర్తయింది, స్కోర్లు సమం, కాబట్టి టై. ఆబ్సెంట్ అని రాసినా ఫలితం టైయే. తేడా పుస్తకంలోనే, కానీ పుస్తకంలో జరిగిందే ఉండాలి.

బ్రిస్టల్ స్కోరర్:
చాలా థాంక్స్ సార్. మరి టాంటన్‌లో రెండు రకాలుగా ఎందుకు ఉంది? అక్కడ కూడా అంపైర్ ఔట్ ఇచ్చాడు కదా?

పాత స్కోర్‌కార్డులు:
ఈ మ్యాచ్ అంటే నాకు ప్రాణం, కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను, ఏమనుకోకండి.

1919 మే 21, 22. సోమర్సెట్, ససెక్స్ జట్ల మధ్య కౌంటీ ఛాంపియన్‌షిప్ మ్యాచ్. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక వచ్చిన మొదటి సీజన్ అది. ఆ ఒక్క ఏడాది కౌంటీ మ్యాచ్‌లను రెండు రోజులకు కుదించారు. ప్రయోగం ఎవరికీ నచ్చక మరుసటి ఏడాదే మళ్ళీ మూడు రోజులు చేశారు.

స్కోర్లు చూడండి. సోమర్సెట్ 243, ససెక్స్ 242. మొదటి ఇన్నింగ్స్‌లో తేడా ఒక్క పరుగు. రెండో ఇన్నింగ్స్‌లో సోమర్సెట్ 103కే ఆలౌట్. ససెక్స్‌కి కావాల్సింది 105. వాళ్ళు 104కి చేరేసరికి తొమ్మిది వికెట్లు పోయాయి. రెండు జట్లవీ కూడితే 346, 346. ఒక ఎండ్‌లో విన్సెట్ నాటౌట్‌గా నిలబడి ఉన్నాడు. దిగాల్సింది హెరాల్డ్ హెయ్‌గేట్.

హెయ్‌గేట్ ససెక్స్‌కి యుద్ధానికి ముందు ఆడిన అమెచ్యూర్, అంటే జీతం లేకుండా ఆడేవాడు. కీళ్ళవాతంతో నడవలేని స్థితిలో ఉన్నాడు. రెండో ఇన్నింగ్స్‌లో అతను బ్యాటింగ్‌కి రాడనే అందరూ అనుకున్నారు. అతనూ అలాగే మామూలు బట్టల్లో, నీలం రంగు సూటులో పెవిలియన్‌లో ఉన్నాడు. తొమ్మిదో వికెట్ పడగానే మాత్రం లేచాడు. ఆ సూటుతోనే, కుంటుకుంటూ, క్రీజు వైపు బయల్దేరాడు. తను పరుగు తీయక్కర్లేదు, ఆ ఎండ్‌లో నిలబడితే చాలు, విన్సెట్ ఒక బౌండరీ కొడితే గెలిచేస్తారు. అతను క్రీజు చేరేలోపే సోమర్సెట్ ఆటగాళ్ళలో ఒకరు అప్పీలు చేశారు. అది లెన్ బ్రాండ్ అని చెప్తారు. ఇంగ్లండ్‌కి టెస్టులు ఆడిన, స్లిప్స్‌లో అద్భుతమైన క్యాచ్‌లకి పేరుపడ్డ సీనియర్ ఆయన. అంపైర్ ఆల్ఫ్రెడ్ స్ట్రీట్ రెండు నిమిషాలు దాటాయని చెప్పి, ఇక బ్యాటింగ్ లేదని తేల్చేశాడు. మ్యాచ్ టై.

ఆ రోజు ఆటకి ఇంకా బోలెడు సమయం మిగిలి ఉంది. అదే నన్ను బాధపెట్టే విషయం. పొద్దు గూకుతుంటే, గడియారం ముల్లు తరుముతుంటే అప్పీలు చేశారంటే అర్థం చేసుకోవచ్చు. ఆ మనిషి వచ్చి నిలబడేదాకా ఆగి ఉంటే, ఒక మంచి బంతి వేసి ఆ చివరి వికెట్ తీసి టై చేసుకునే అవకాశం సోమర్సెట్‌కి ఉంది. ఏటా వచ్చే క్రికెట్ గ్రంథం విజ్డెన్ కూడా ఆ అప్పీలు క్రీడాస్ఫూర్తికి తగనిదని గట్టిగానే రాసింది.

నెల్లూరు కుర్రాడు:
అంటే అంపైర్ తప్పు చేసినట్టేనా?

రిటైర్డ్ అంపైర్, విజయవాడ:
లేదు బాబూ. ఇక్కడ అంపైర్‌నీ అప్పీలు చేసినవాళ్ళనీ విడదీసి చూడాలి. అప్పీలు వచ్చాక స్ట్రీట్ చేయగలిగింది ఒకటే, చట్టం చూడటం. విషయం ఎమ్‌సీసీ దాకా వెళ్ళింది, వాళ్ళు కూడా స్ట్రీట్ నిర్ణయాన్నే సమర్థించారు. నేను ఆ స్థానంలో ఉన్నా అదే ఇచ్చేవాణ్ణి, ఇష్టం లేకపోయినా సరే.

ఇక స్కోరర్ గారి అసలు ప్రశ్న, రెండు రకాలుగా ఎందుకుందని. కొత్త బ్యాటర్‌కి రెండు నిమిషాలు అన్న నియమం చాలా పాతది, 1744 నాటి చట్టాల్లోనే ఉంది. 1919లో అమల్లో ఉన్న చట్టంలోనూ, బ్యాటర్ రావడానికి అంపైర్లు రెండు నిమిషాలు, ఇన్నింగ్స్‌కీ ఇన్నింగ్స్‌కీ మధ్య పది నిమిషాలు ఇవ్వాలని ఉంది. కానీ ఔట్ అయ్యే పద్ధతుల్లో, అంటే బౌల్డ్, క్యాచ్, ఎల్బీడబ్ల్యూ వీటి పక్కన, టైమ్డ్ ఔట్ అన్నది లేదు. గడువు ఉంది, గడువు దాటిన బ్యాటర్ పేరు ఎదురుగా ఏం రాయాలో లేదు. కాబట్టి ఆనాటి స్కోరర్ ముందున్న దారి ఏమిటి? ఆటగాడు క్రీజులోకి రాలేదు, అందుకని ఆబ్సెంట్.

టైమ్డ్ ఔట్‌ని ఔట్ పద్ధతుల్లో ఒకటిగా చేర్చింది 1980 చట్టాల్లో. అప్పుడు కూడా రెండు నిమిషాల్లో మైదానంలోకి అడుగు పెడితే చాలు అన్నారు. 2000లో దాన్ని మూడు నిమిషాలు చేసి, అడుగు పెట్టడం కాదు, సిద్ధంగా ఉండాలి అని మార్చారు. హెయ్‌గేట్‌కి టైమ్డ్ ఔట్ అని రాసేవాళ్ళు ఇప్పటి నియమాన్ని అప్పటి మ్యాచ్‌కి తొడుగుతున్నారు. జరిగిన పని అదే అయినా, పాత మ్యాచ్‌ని ఆనాటి చట్టం ప్రకారం చదవడమే సరైన పద్ధతి అని నా అభిప్రాయం.

మాథ్యూస్ కేసు కొంచెం వేరు. 2023 నవంబర్ 6న ఢిల్లీలో బంగ్లాదేశ్ మీద అతను క్రీజు దాకా వచ్చాడు. హెల్మెట్ పట్టీ తెగింది, ఇంకోటి తెప్పించుకునేలోపు బంగ్లాదేశ్ కెప్టెన్ షకీబ్ అప్పీలు చేశాడు. అక్కడ మనిషి వచ్చాడు, సిద్ధంగా లేడు. టాంటన్‌లో మనిషే చేరలేదు. అంతర్జాతీయ క్రికెట్‌లో ఇలా ఔటైన మొదటివాడు మాథ్యూసే.

బ్రిస్టల్ స్కోరర్:
ఇప్పుడు అర్థమైంది సార్. ఇంకో చిన్న అనుమానం. మా అవతలి కెప్టెన్ బార్‌లో కూర్చున్నాక ‘అప్పీలు వెనక్కి తీసుకుంటాను, మీరే గెలిచినట్టు రాసుకోండి’ అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. అలా రాయొచ్చా?

రిటైర్డ్ అంపైర్, విజయవాడ:
కుదరదండీ. అప్పీలు వెనక్కి తీసుకోవాలంటే ఫీల్డింగ్ కెప్టెన్ అంపైర్ సమ్మతితో తీసుకోవాలి, అదీ మళ్ళీ బంతి ఆటలోకి వచ్చేలోపు, ఇన్నింగ్స్ ముగిసిపోతే అంపైర్లు మైదానం వదిలేలోపు. బార్‌కి చేరాక ఆ అవకాశం పోయింది. వెనక్కి తీసుకున్నా మీరు గెలిచినట్టు కాదు, ఆట అక్కడి నుంచి మళ్ళీ మొదలయ్యేది, మీవాళ్ళు ఆ పరుగు కొట్టాలి.

పాత స్కోర్‌కార్డులు:
టై అన్న మాట కూడా అప్పట్లో ఇప్పటిలా లేదు. 1926లో చెమ్స్‌ఫర్డ్‌లో ఎసెక్స్, ఇదే సోమర్సెట్ మధ్య మ్యాచ్. స్కోర్లు సమమయ్యాయి, ఎసెక్స్‌కి ఇంకా ఒక వికెట్ చేతిలో ఉండగానే సమయం అయిపోయింది. ఎమ్‌సీసీ దాన్ని కూడా టై కిందే లెక్కకట్టింది. ఇప్పుడైతే అది డ్రా. 1948 నుంచి, చివర బ్యాటింగ్ చేసిన జట్టు ఇన్నింగ్స్ పూర్తయితేనే టై. కాబట్టి 1948కి ముందు మ్యాచ్‌ల ఫలితాలు చూసేటప్పుడు ఎన్ని వికెట్లు పడ్డాయో కూడా చూడండి.

మీరు బ్రిస్టల్‌లో ఉన్నారు కాబట్టి ఒకసారి టాంటన్ వెళ్ళండి. పక్కనే టోన్ నది, వెనక సెయింట్ జేమ్స్ చర్చి గోపురం. సోమర్సెట్ ఇప్పటికీ అక్కడే ఆడుతుంది. బౌండరీ తాడు దగ్గర నిలబడి పిచ్ వైపు చూస్తే, కీళ్ళు పట్టేసిన మనిషికి అది ఎంత దూరమో తెలుస్తుంది.

నెల్లూరు కుర్రాడు:
హెయ్‌గేట్ తన బదులు పరుగెత్తే రన్నర్‌ని అడగొచ్చు కదా సార్?

రిటైర్డ్ అంపైర్, విజయవాడ:
రన్నర్ ఉన్నా బ్యాటర్ మైదానంలోకి రావాల్సిందే. అతని సమస్య పరుగు కాదు, అక్కడిదాకా చేరడం. ఇప్పటి చట్టంతో చూస్తే ఇంకో చిక్కు ఉంది. గాయం ఆ మ్యాచ్‌లోనే అయిందని అంపైర్లకు నమ్మకం కుదిరితేనే రన్నర్‌ని ఇస్తారు, ముందు నుంచీ ఉన్న కీళ్ళవాతానికి ఇవ్వరు. అంతర్జాతీయ మ్యాచ్‌ల్లో 2011లో రన్నర్‌ని పూర్తిగా తీసేశారు కానీ, ఎమ్‌సీసీ చట్టాల్లో ఇంకా ఉంది. బ్రిస్టల్ స్కోరర్ గారూ, మీ అబ్బాయికి ఫీల్డింగ్‌లోనే కండరం పట్టింది కాబట్టి అతనికి రన్నర్ దొరికేవాడు. వికెట్ పడకముందే ప్యాడ్లు కట్టించి, రన్నర్ కావాలని అంపైర్లకు ఒక మాట చెప్పి ఉంచితే సరిపోయేది. మీ కెప్టెన్‌కి ఇది తప్పకుండా చెప్పండి.

బ్రిస్టల్ స్కోరర్:
తప్పకుండా సార్. రెండు పుస్తకాల్లోనూ టైమ్డ్ ఔట్ అని రాస్తాం. అవతలి స్కోరర్‌తో ఇప్పుడే మాట్లాడాను, ఒప్పుకుంది. పాయింట్లు సగం సగం పంచాలంటున్నారు, అది సరేనా?

రిటైర్డ్ అంపైర్, విజయవాడ:
పాయింట్ల సంగతి ఎమ్‌సీసీ చట్టాల్లో ఉండదు, మీ లీగ్ నియమావళిలో ఉంటుంది. కొన్ని పోటీల్లో స్కోర్లు సమమైతే తక్కువ వికెట్లు కోల్పోయిన జట్టుని గెలిచినట్టు ప్రకటిస్తారు. అలాంటి నియమం ఉంటే మీరు పది వికెట్లు కోల్పోయారు కాబట్టి మ్యాచ్ వాళ్ళది అయ్యే అవకాశం ఉంది. ముందు అది చదవండి. వికెట్ పతనం వరుసలో పదో వికెట్ ఎదురుగా అదే స్కోరు, అతని పేరు రాయండి. బౌలర్ గడిలో గీత పెట్టండి, రెండో బ్యాటర్‌కి నాటౌట్. అంపైర్లిద్దరికీ చూపించి, వాళ్ళు సరే అన్నాకే ఫలితం అప్‌లోడ్ చేయండి.