బూజు పోగులో మొదటి సెప్టం (అడ్డుగోడ) ఎప్పుడు పడుతుంది: కేంద్రకాల లెక్కా, పోగు (హైఫా) సైజా?

పర్లాకిమిడి_బూజు
ఆస్పర్జిల్లస్ నిడ్యులాన్స్ అనే బూజు కొనిడియంలో (స్పోరులో) ఉండేది ఒకే కేంద్రకం. అది 2, 4, 8గా మూడుసార్లు విడిపోయాక, మామూలుగా అప్పుడే, మొలకగా సాగే జెర్మ్ ట్యూబ్ మొదలు దగ్గర మొదటి సెప్టం పడుతుంది. కాబట్టి మూడో మైటోసిసే (కేంద్రక విభజనే) మీట నొక్కుతుందని నా వాదన. సాక్ష్యం రాన్ మోరిస్ అనే శాస్త్రవేత్త 1970లలో వేరుచేసిన నిమ్ మ్యూటెంట్లు, అంటే వేడిలో మైటోసిస్‌లోకి వెళ్లలేని రకాలు. 42 డిగ్రీలకు మారిస్తే ట్యూబు సాగుతూనే ఉంటుంది, కేంద్రకం విడిపోదు, సెప్టం పడదు. సైజుదే పెత్తనమైతే పడాలిగా?

సిరొంచ_స్లైడు
మాస్టారూ, మైటోసిస్ లేనిదే సెప్టం లేదు, ఒప్పుకున్నా. మరి మొదటి రెండు మైటోసిస్‌లకు ఎందుకు పడలేదు? అవేం పాపం చేశాయి? ట్యూబు ఇంకా చిన్నది కాబట్టే.
సెప్‌బి, సెప్‌జే అనే జన్యువులు చెడిన మ్యూటెంట్లు చూడండి. డీఎన్‌ఏ పని కాస్త కుంటుపడుతుంది, ప్రాణం పోయేంత కాదు. సెప్టం మాత్రం ఆగిపోతుంది. ఆపేది, మైటోసిస్‌ను నడిపే నిమ్‌ఎక్స్ కైనేజు (ఫాస్ఫేటు తగిలించే ఎంజైము)లో టైరోసిన్-15 అనే చోట పడే ఫాస్ఫేటు. ఆ ఫాస్ఫేటు పడే వీలు లేకుండా చేస్తే ఆ అడ్డు పోతుంది. అంటే సెప్టానికి నిమ్‌ఎక్స్ బాగా చురుగ్గా ఉండాలి. ఆ చురుకును అటూ ఇటూ లాగే సంకేతాలు చాలా ఉన్నాయి, కేంద్రకాల లెక్క అందులో ఒకటి, అంతే.

పర్లాకిమిడి_బూజు
క్రితం వారం మీరు పెట్టిన ఫొటోలో 13 కేంద్రకాలు, ఒక సెప్టం ఉన్నాయి. దాన్ని చూపించి "8 అనేది కట్టుకథ" అన్నారు. ఆ 13 ఎలా వచ్చాయో చూడండి: 8 దగ్గర సెప్టం పడింది, స్పోరు వైపు 3, కొన వైపు 5. స్పోరు వైపువి ఆగిపోయాయి. కొనవైపు 5 ఒకేసారిగా విడిపోయి 10 అయ్యాయి. 3, 10 కలిపితే 13. మొత్తం లెక్కేసి తీర్పు చెప్పకూడదు, గోడకు రెండు వైపులా విడివిడిగా లెక్కపెట్టాలి.

సిరొంచ_స్లైడు
ఆ లెక్క సరే, ఆ ఫొటో వెనక్కి తీసుకుంటున్నా. స్లైడులో ఇంకో మోసం కూడా ఉంది. గోడకు పట్టే రంగు కాల్కోఫ్లోర్, కేంద్రకానికి పట్టే రంగు హెక్స్ట్, రెండూ నీలమే. కాల్కోఫ్లోర్ ఎక్కువైతే పక్కగోడ కూడా మండిపోతుంది, సెప్టం ఆనుకుని ఉన్న కేంద్రకం దాని వెలుగులో కనిపించకుండా పోతుంది. 3.7 శాతం ఫార్మాల్డిహైడ్‌లో ఫిక్స్ చేసి, కడిగి, ఆ తర్వాతే రంగు, అదీ వీలైనంత పలచగా. పెరుగుతున్న కల్చర్‌లో వేస్తే గోడలోని కైటిన్ అల్లికే చెడుతుంది. ఆమ్ల బఫర్‌లో కాల్కోఫ్లోర్ విరిగి చుక్కలు చుక్కలుగా దిగుతుంది, వాటిని సెప్టం అనుకునేవాళ్లూ ఉన్నారు.
ఎండాకాలం సంగతి వేరే. కాళేశ్వరం ఎదురుగట్టున ఉన్న మాకు మేలో కరెంటు పోతే 28లో పెట్టిన ఇన్‌క్యుబేటర్ 42 వైపు తనంతట తనే ఎక్కుతుంది. ఉష్ణ-సున్నిత మ్యూటెంటు "పనిచేయలేదు" అనేముందు అదే పెట్టెలో పెట్టిన మామూలు రకాన్ని చూడండి.

జయపురం_వరి
అక్కా, మాస్టారూ, ఇద్దరూ "ఎప్పుడు" అంటున్నారు, "ఎక్కడ" అన్నది వదిలేశారు. మా కొరాపుట్ వరి పొలాల్లో అగ్గితెగులు తెచ్చే మాగ్నపోర్తేని చూడండి. కొనిడియంలో 3 గదులు, గదికొక కేంద్రకం. మొలకెత్తాక ఒక కేంద్రకం ట్యూబులోకి వచ్చి అక్కడే విడిపోతుంది. ఒకటి ట్యూబు కొసన ఆకును పొడిచే గది అయిన అప్రెసోరియంలోకి పోతుంది, రెండోది వెనక్కి స్పోరులోకి. గోడ మాత్రం విభజన జరిగిన చోట కాదు, అప్రెసోరియం మెడ దగ్గర పడుతుంది. 8 మెగాపాస్కల్ దాకా ఒత్తిడి ఎక్కే గది ఇదే మరి. కాబట్టి గోడ స్థలాన్ని విభజన జరిగిన చోటు నిర్ణయించడం లేదు.

పర్లాకిమిడి_బూజు
వరి సంగతి నిడ్యులాన్స్‌కు అతికించడం తొందరపాటు. ఫిషన్ ఈస్టులోనే చూడండి: గోడ వేయమని చెప్పే ఎస్‌ఐఎన్ కైనేజుల వరస చెడినా, గోడ పడాల్సిన చోట చుట్టుకునే యాక్టిన్ వలయం ఏర్పడుతుంది, గోడే పడదు. నిడ్యులాన్స్‌లో అదే వరసలోని సెప్‌హెచ్ చెడితే వలయమే ఏర్పడదు. కేంద్రకాలు మాత్రం పెరుగుతూ పోతాయి. బూజు బతుకుతుంది, కొనిడియాలు పెట్టదు.
అయితే 42లో మాత్రమే చెడే సెప్‌హెచ్ మ్యూటెంటుతోనే తేల్చుకుందాం. కేంద్రకాలు 16 అయ్యేదాకా 42లో ఉంచి 28కి దించండి. తర్వాతి మైటోసిస్ కోసం ఆగకుండా సెప్టం పడితే మీ మాట నెగ్గింది, ఆగితే నాది. తర్వాతి మైటోసిస్‌ను హైడ్రాక్సీయూరియాతో ఆపుదాం.

సిరొంచ_స్లైడు
హైడ్రాక్సీయూరియా వద్దు మాస్టారూ. అది డీఎన్‌ఏ తయారీని ఆపుతుంది, అంటే టైరోసిన్-15 అడ్డును మీరే పిలుస్తున్నట్టు. సెప్టం పడకపోతే మైటోసిస్ లేక ఆగిందా, ఆ అడ్డు వల్ల ఆగిందా చెప్పలేం. నిమ్ మ్యూటెంటుతో కలుపుదామన్నా కుదరదు, రెండూ 42లోనే ఆగిపోయేవి, 28లోనే లేచేవి. మైక్రోట్యూబుల్స్‌ను (కణంలోని సన్న గొట్టాలను) విడగొట్టే బెనోమిల్ వేసి, మైటోసిస్‌ను స్పిండిల్ (క్రోమోజోములను లాగే కదురు) దగ్గర ఆపండి. కాకపోతే మైక్రోట్యూబుల్స్ పోతే కేంద్రకాలు ట్యూబులో సరిగా సర్దుకోవు. అందుకని ముందు బెనోమిల్ మామూలు రకంలో ఒక్కటే ఏం చేస్తుందో చూపించే స్లైడు పెట్టండి.