కొరియా కొండల్లోని బౌద్ధారామాలు: పెద్ద వయసు వారికి ఏ క్షేత్రం అనువైనది?

ప్రశ్న (నల్లగొండ నుండి, విశ్రాంత ఉపాధ్యాయుడు)

అందరికీ నమస్కారం. మా అమ్మాయి దక్షిణ కొరియాలోని డేజాన్‌లో చదువుకుంటోంది. అక్టోబరు చివర్లో నేనూ, మా ఇంటావిడా అక్కడికి వెళ్తున్నాం. నాగార్జునకొండనూ, ఫణిగిరినీ ఎన్నోసార్లు చూసిన నాకు ఒక కోరిక మిగిలిపోయింది. మన దగ్గర విహారాలకు పునాదులూ, శిల్పాలూ మాత్రమే మిగిలాయి గనుక, భిక్షువులు ఇప్పటికీ నివసిస్తూ, వేకువనే గంట మోగించే ఆరామంలో ఒక్క రాత్రైనా గడపాలని ఉంది. సియోల్ నగరంలోని ఆలయాలు కాకుండా, కొండల లోపలి చోటే కావాలి. గయాసన్ కొండలోని హేయిన్సా, సొరాక్సన్ కొండల మీద బుద్ధధాతువు (బుద్ధుని శరీర అవశేషం) ఉన్న బొంగ్‌జొంగామ్, ఈ రెండింటిలో ఏది మేలు? మా ఆవిడకు మోకాళ్ల నొప్పులున్నాయి. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు 1 (దేవరకొండ, కొన్నేళ్లు డేగులో ఉద్యోగం)

సార్, నమస్తే. బొంగ్‌జొంగామ్ ఆలోచన ఈసారికి మానుకోండి. బెక్‌దమ్సా ఆలయం నుండి పది కిలోమీటర్లకు పైగా లోయ వెంట నడిచి, చివర్లో నిటారుగా ఎక్కాలి. సలేశ్వరం జాతరకు లోయలోకి దిగి, మళ్లీ పైకి రావడం ఎంత కష్టమో మీకు తెలుసు. ఇది అంతకంటే చాలా ఎక్కువ. ధాతువు ఉన్న క్షేత్రమే చూడాలనుకుంటే బుసాన్‌కు ఉత్తరాన, యాంగ్‌సాన్‌లోని తోంగ్‌దోసాకు వెళ్లండి. అది కొండ పాదంలోనే ఉంది. జాజాంగ్ అనే భిక్షువు 646లో స్థాపించిన ఆ ఆలయంలో ప్రధాన మందిరంలో బుద్ధ విగ్రహం ఉండదు, వెనుక ఉన్న ధాతువేదిక వైపు తిరిగే మొక్కుతారు. ధాతువు మీద కట్టిన మన నాగార్జునకొండ మహాచైత్యాన్ని ఎరిగిన మీకు ఆ పద్ధతి కొత్తగా తోచదు.

అయినా నా ఓటు హేయిన్సాకే. మంగోలుల దండయాత్రలో తొలి త్రిపిటక (బౌద్ధ గ్రంథాల) అచ్చు ఫలకాలు 1232లో కాలిపోయాక, ఆనాటి కొరియాను ఏలిన కొర్యో రాజ్యం మళ్లీ పట్టుబట్టి చెక్కించిన 81,258 చెక్క ఫలకాలు ఇక్కడే ఉన్నాయి. వాటిని దాచిన మందిరాలు పదిహేనో శతాబ్దం నాటివి, 1995లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి. ఆ మందిరాల కిటికీలను నిదానంగా చూడండి. ముందు గోడకు కింది కిటికీలు పెద్దవి, పైవి చిన్నవి. వెనుక గోడకు దీనికి తలకిందులు. లోపలికి వచ్చిన గాలి అరల మధ్య తిరిగి బయటికి పోవడానికే ఆ ఏర్పాటు. నేలలో బొగ్గు, ఉప్పు, సున్నం కలిపి దట్టించడం వల్ల తేమ హెచ్చుతగ్గులు కాకుండా ఉంటుంది. యంత్రాలేమీ లేకుండా ఇన్ని శతాబ్దాలు చెక్క చెడకుండా నిలిచిందంటే ఆ వడ్రంగుల జ్ఞానానికి చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. కొరియా యుద్ధ కాలంలో, 1951లో, ఇక్కడ బాంబులు వేయమని ఆజ్ఞ వచ్చినా కిమ్ యోంగ్‌హ్వాన్ అనే వైమానిక అధికారి వేయలేదు. ఆయన పాటించి ఉంటే ఈరోజు మనం మాట్లాడుకోవడానికి ఏమీ మిగిలేది కాదు.

డేజాన్ నుండి డేగు నగరంలోని డోంగ్‌డేగు స్టేషన్‌కు వేగపు రైలులో గంట లోపే చేరతారు. అక్కడి నుండి మెట్రోలో పడమటి బస్టాండుకు వెళ్తే నేరుగా హేయిన్సా బస్సు ఉంటుంది. బస్సు దిగాక వాగు పక్కన చెట్ల నీడలో నెమ్మదిగా ఎక్కే బాట, ఆలయం దగ్గర మెట్లు. అమ్మగారు ఆగుతూ నడవవచ్చు.

జవాబు 2 (మహబూబ్‌నగర్)

పెద్దలకు నమస్కారం. పై సోదరుడి మాటతో నాకు కొంత భేదం ఉంది. ఫలకాలను మామూలుగా చెక్క ఊచల సందుల్లోంచే చూడాలి. లోపలికి వెళ్లాలంటే ముందుగా పేరు నమోదు చేసుకోవాలి. మీరు కోరింది వస్తువులను కాదు, ఆరామంలోని నిత్యజీవితాన్ని. అందుకు సన్‌చోన్ దగ్గర జోగ్యేసన్ కొండలోని సొనామ్సా నాకు ఎక్కువ నచ్చింది. 2018లో ప్రపంచ వారసత్వంగా గుర్తించిన ఏడు కొండ ఆరామాల్లో అది ఒకటి. రంగులు వెలిసిన పాత మందిరాలు, ప్రవేశానికి ముందు వాగు మీద కట్టిన రాతి కమాను వంతెన, దాని కింద దిగి చూస్తే నీళ్లలో నిండు గుండ్రంగా కనబడే నీడ, ఇవి ఏ అలంకారమూ లేకుండా మనసుకు పడతాయి. కొండకు అవతల సొంగ్‌గ్వాంగ్సా అనే మరో ఆరామం ఉంది. మధ్య కాలిబాట మోకాళ్లకు మంచిది కాదు గనుక రెండో దానికి వాహనంలో వెళ్లండి.

ఎక్కడ బస చేసినా సాయంత్రం వాద్యాల వేళ తప్పిపోకండి. పెద్ద చర్మపు డోలు, బోలుగా తొలిచిన చెక్క చేప, మేఘాకారపు లోహపు పలక, చివర గంట. భిక్షువులు ఒకరి చేతిలోని కర్రలను ఇంకొకరు అందుకుంటూ, లయ తెగకుండా డోలు కొడతారు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. మేము శాకాహారులం. భోజనం సంగతీ, పడక సంగతీ కూడా చెప్పగలరా?

జవాబు 1

సార్, ఆలయం లోపల నిశ్చింత. మాంసం, చేపలే కాదు, వెల్లుల్లి, ఉల్లి కూడా వాడరు. పళ్లెంలో మెతుకు మిగల్చకూడదు కాబట్టి కొద్దికొద్దిగా వడ్డించుకోండి. బయట హోటళ్లలోనే జాగ్రత్త అవసరం: కూరగాయల పులుసులా కనబడేదాన్ని ఎండు చేపల నీళ్లతో కాస్తారు, కిమ్చీ అనే కూరగాయల ఊరగాయలో చేపల పులుసో, ఉప్పు రొయ్యలో కలుపుతారు. కొండ ఆకుకూరలతో చేసే బిబింబాప్ అనే కలిపిన అన్నాన్ని గుడ్డు వేయకుండా ఇమ్మని అమ్మాయితో కొరియా భాషలో చెప్పించండి.

పడక నేల మీదే. కింది నుండి వెచ్చదనం వస్తుంది గనుక చలి బాధించదు, కానీ మంచం ఉండదు. స్త్రీలకు, పురుషులకు వేరు గదులు ఇవ్వడం మామూలే. అమ్మగారికి నేల మీద కూర్చుని లేవడం కష్టమైతే, అక్కడ చేయించే నూట ఎనిమిది సాష్టాంగ నమస్కారాల బదులు కూర్చుని నమస్కరించవచ్చునా అని బస కోరేటప్పుడే అడగండి. అక్టోబరు చివర ఆకులు ఎర్రబడే కాలం, జనం విపరీతంగా వస్తారు. శని, ఆదివారాలు కాకుండా వారం మధ్యలో పెట్టుకుని, ఆలయ బస అధికారిక వెబ్‌సైటులో ఇప్పుడే చోటు రాయించుకోండి. వేకువ ప్రార్థనకు చీకటితోనే లేపుతారు, ఇద్దరికీ ఉన్ని దుస్తులు తప్పనిసరిగా పెట్టుకోండి.