జోర్డానస్ మేత్రాణి (బిషప్) కొల్లం చేరాడా, లేదా?

పాతకాగితం:
మధ్యయుగంలో మన దేశానికి వచ్చిన క్రైస్తవ సన్యాసుల మీద చిన్న పరిచయం రాస్తూ జోర్డానస్ కతలాని దగ్గర ఆగిపోయాను. దొమినికన్ సభ అనే క్యాథలిక్ సన్యాసుల సంఘానికి చెందినవాడు. అంతకుముందే ఒకసారి మన దేశం వచ్చి వెళ్లాడు. 1329 ఆగస్టులో ఇరవై రెండో జాన్ పోపు, అప్పట్లో పోపులుండే ఫ్రాన్స్ ఊరు అవిన్యోన్ నుంచి, ఈయన్ని కొల్లానికి మేత్రాణిగా నియమించాడు. అంతవరకు తకరారు లేదు. ఆ తర్వాతి వాక్యం దగ్గరే చిక్కు. "కొల్లం వచ్చి పీఠం నడిపి, 1336లో బొంబాయి దగ్గర వేదసాక్షి అయ్యాడు" (అంటే మతం కోసం ప్రాణమిచ్చాడు) అని ఒకచోట, "తిరిగొచ్చాడో లేదో తెలియదు" అని ఇంకోచోట. ఏది వేయమంటారు?

కొల్లం అల్లుడు:
వచ్చాడనే వేయండి. మా అత్తవారిది కొల్లంలోని తంగశ్శేరి పక్కనే. జోర్డానస్ తమ మొదటి మేత్రాణి అనడంలో అక్కడ ఎవరికీ సందేహం లేదు. వాళ్ల మాట పక్కన పెట్టినా, 1348 ప్రాంతంలో మరిన్యోలి అనే ఫ్రాన్సిస్కన్ (ఇంకో క్యాథలిక్ సంఘం) సన్యాసి కొల్లంలో దిగి ఏడాదికి పైగా ఉన్నాడు. తను బస చేసింది లాటిన్ సంప్రదాయపు (అంటే రోమ్ పద్ధతి పాటించే) సెయింట్ జార్జి గుడిలో అని తనే రాసుకున్నాడు. మేత్రాణి రాకుండానే లాటిన్ గుడి లేచిందా?

రికార్డు రూము:
అల్లుడు గారూ, నేను ముప్పై ఏళ్లు సర్వీసు రిజిస్టర్లు రాసి రిటైరయ్యాను. బదిలీ ఉత్తర్వు వచ్చినంత మాత్రాన మనిషి డ్యూటీలో చేరినట్టు రాయం. జాయినింగ్ రిపోర్టు కావాలి. జోర్డానస్ విషయంలో ఉత్తర్వు భద్రంగా ఉంది. 1330 ఏప్రిల్‌లో కొల్లం క్రైస్తవ పెద్దలకు ఈయన్ని పరిచయం చేస్తూ పోపు రాయించిన సిఫారసు ఉత్తరమూ ఉంది. అక్కడితో ఫైలు ఆగిపోయింది. ఇక గుడంటారా, వేరే సన్యాసి ఎవరైనా కట్టించి ఉండొచ్చు. మరిన్యోలి అన్ని నెలలు ఆ గుళ్లోనే ఉండి బొమ్మలు కూడా వేయించాడు కదా, జోర్డానస్ పేరు ఒక్కసారైనా ఎత్తాడా?

కొల్లం అల్లుడు:
పేరెత్తకపోతే మనిషి లేనట్టా మాస్టారూ? మా తాత డైరీలో మా నానమ్మ పేరు ఎక్కడా లేదు. పద్నాలుగో శతాబ్దంలో జాయినింగ్ రిపోర్టు అడిగితే ఒక్కడూ మిగలడు. పైగా మన దేశపు వింతల మీద ఆయన రాసిన 'మిరబిలియా' పుస్తకం మొదట్లోనే "కొల్లం మేత్రాణి" అని ఉంది.

రికార్డు రూము:
ఉంది. కానీ ఆ పుస్తకం యూరప్‌లో, నియామకం నాటికి అటూ ఇటూగా రాసింది. కొత్త హోదా పేరు పక్కన చేరింది, అంతే. దాంతో ప్రయాణం రుజువు కాదు. పైగా మనకు దక్కింది ఒకే ఒక్క రాతప్రతి. సరిచూద్దామంటే రెండోది లేదు.

రుజువంటే ఎలా ఉంటుందో ఈయన జీవితంలోనే చూపిస్తాను. 1321 ఏప్రిల్‌లో ఠాణేలో నలుగురు ఫ్రాన్సిస్కన్లను చంపేశారు. తొలెంతినో థామస్, పాదువా జేమ్స్, సియెనా పీటర్, టిఫ్లిస్ దెమిత్రియస్. వాళ్లతో వచ్చిన జోర్డానస్ ఆ సమయానికి భరూచ్ వైపు వెళ్లి ఉన్నాడు. తిరిగొచ్చి శవాలను ఠాణే దగ్గరి సోపారాలో పూడ్చాడు. ఆ ఏడాది అక్టోబరు 12న గుజరాత్ రేవు ఘోఘా నుంచి, ఇరాన్‌లోని తబ్రీజ్ వైపు ఉన్న తోటి సన్యాసులకు ఉత్తరం రాశాడు. అటుపైన కొద్దికాలానికే ఒదొరిక్ అనే ఇంకో యాత్రికుడు అదే దారిన వచ్చి, ఆ ఎముకలు తవ్వి చైనా తీసుకెళ్లి, ఈ కథంతా తన వైపు నుంచి చెప్పాడు. ఇద్దరు సాక్షులు, ఊరు, తేదీ. మీ 1336కి వీటిలో ఏదుంది?

ఓరుగల్లు పోరడు:
మధ్యలో దూరుతున్న, ఏమనుకోకండి. గీ పుస్తకంల మన ముచ్చట గూడ ఉన్నది. మన దేశపు రాజులను లెక్కపెట్టుకుంట "తెలెంక్" రాజును, అంటే మన తెలుగు రాజును గూడ చెప్తడు. ఆ రాజ్యంల ధాన్యం, బియ్యం, చక్కెర, మైనం, తేనె మస్తుగ దొరుకుతయంటడు. కాని ఓరుగల్లు 1323లనే పడిపాయె, ప్రతాపరుద్రుని పట్టుకపోయిరి. ఆరేండ్లయినంక రాసిన పుస్తకంల ఆ రాజు ఇంకా గద్దె మీదనే ఉన్నడు! ఈయన దగ్గరున్నది పాత కబురన్నట్టు. తన కండ్లతోని చూసిన దానికి, విన్నదానికి ఫరక్ ఉంటది.

రికార్డు రూము:
బాగా పట్టుకున్నావు తమ్ముడూ. ఆయన్ని మెచ్చుకోవాల్సిన చోటు కూడా ఉంది. "మూడో ఇండియా" అని ఒక భాగం మొదలుపెడుతూ, అక్కడికి నేను వెళ్లలేదు, నమ్మదగినవాళ్లు చెప్పగా విన్నాను అని ముందే ఒప్పుకున్నాడు. ఆపాటి జాగ్రత్త ఆయన చావు గురించి రాసినవాళ్లకూ ఉంటే ఈ గొడవే ఉండేది కాదు.

పాతకాగితం:
పుట్టిన ఊరూ తేలేలా లేదు. కతలాని అంటే స్పెయిన్‌లోని కతలోనియావాడని కొందరు. పుస్తకంలో మాత్రం "సెవెరాక్‌వాడు" అని ఉంది. ఫ్రాన్స్‌లోని ఆవెరోన్ ప్రాంతంలో ఆ పేరుతో రెండు ఊళ్లు! ఠాణే నుంచి రాసిన రెండో ఉత్తరం 1323 జనవరిదా, 1324దా అన్నది ఇంకో పేచీ. అప్పట్లో చాలాచోట్ల ఏడాది మార్చి 25న మారేది. మనకు ఉగాదికి మారినట్టే. అలాంటి లెక్కలో జనవరి పాత ఏడాదిలోకే పోతుంది.

ఇలా రాస్తున్నాను: "1329లో కొల్లం మేత్రాణిగా నియమితుడయ్యాడు. 1330 తర్వాత ఆధారాలు దొరకవు. కొల్లం వచ్చి పనిచేశాడనీ, బొంబాయి దగ్గర వేదసాక్షి అయ్యాడనీ సంప్రదాయం." మరణం గడిలో ఏడాది వేయను.

కొల్లం అల్లుడు:
"సంప్రదాయం" అన్నారు, ఆపాటి చాలు. ఏడాది గడి ఖాళీగా ఉంచడం మాత్రం నేను ఒప్పుకోను. "1336?" అని ప్రశ్నార్థకంతోనైనా వేయండి.

రికార్డు రూము:
ఇవాళ ప్రశ్నార్థకంతో వేస్తారు. దాన్ని ఎత్తి రాసుకునే మొదటివాడు ఆ గుర్తు తీసేస్తాడు. మీ 1336 కూడా ఒకప్పుడు అలాగే పుట్టి ఉంటుందని నా అనుమానం.