రెండు భాషల ఇంట్లో బాబుకు మాటలు ఆలస్యం: తెలుగు మానేయమంటున్నారు

ప్రశ్న (కొండాపూర్ నుంచి):
మా బాబుకు 22 నెలలు. మాది కరీంనగర్, మా ఆయన వాళ్లది ఇండోర్. నేను బాబుతో తెలుగులో మాట్లాడతాను, ఆయనా అత్తమ్మా హిందీలో. అమ్మ, నీళ్లు, బువ్వ, పానీ, దాదీ, గాడీ, బౌబౌ... ఇలా ఓ పాతిక మాటలు అంటాడు. అన్నీ విడివిడిగానే, రెండు కలపడు. పక్క ఫ్లాట్‌లో వీడి ఈడు పాప "అమ్మా పాలు ఇయ్యి" అనేస్తోంది. ప్లేస్కూల్‌లో అడిగితే "కన్ఫ్యూజ్ అవుతున్నాడు, ఇంట్లో ఇంగ్లిష్ ఒక్కటే వాడండి" అన్నారు. అత్తమ్మ తెలుగు మానేయమంటున్నారు. మా అమ్మ ఫోన్‌లో వస నాకించమంటోంది. ఎవరి మాట వినాలి?

జవాబు (మల్కాజ్‌గిరి నుంచి, ఒక అమ్మమ్మ):
ఫికర్ చెయ్యకు బిడ్డా. మగపిల్లలకు మాటలు ఆలస్యమే. మా పెద్ద మనవడు మూడేళ్లు దాటాక నోరు విప్పాడు, ఇప్పుడు ఆపమన్నా ఆపడు.

జవాబు (స్పీచ్ థెరపిస్ట్, సికింద్రాబాద్):
ముందు ఒకటి చెప్పేస్తాను. రెండు భాషలు వినడం వల్ల మాటలు ఆలస్యం కావు. హైదరాబాద్‌లో ఇంట్లో ఒకటి, గల్లీలో ఇంకోటి వింటూ పెరగని పిల్లలు ఎంతమంది ఉంటారు? ఒకసారి తెలుగు మాట, ఒకసారి హిందీ మాట అనడం కూడా కన్ఫ్యూజన్ కాదు. ఆ క్షణంలో నోటికి అందిన మాట వాడుకుంటున్నాడు, అంతే. పెద్దవాళ్లం మనం చేసేదీ అదే.

మాటలు లెక్కపెట్టేటప్పుడు రెండు భాషలవీ కలిపి లెక్కపెట్టండి. నీళ్లు, పానీ రెండూ అంటే రెండు మాటలు. ఒక్క తెలుగే చూస్తే ఎవరి పిల్లలైనా వెనకబడినట్టే కనిపిస్తారు. రెండేళ్లు నిండేసరికి చాలామంది పిల్లలకు యాభై మాటల దాకా వస్తాయి, "అమ్మా దా", "ఔర్ పానీ" లాంటి జంట మాటలు మొదలవుతాయి. మీ బాబుకు ఇంకా రెండు నెలలుంది. అయినా పాతిక మాటలంటే ఒకసారి చూపించుకోవడమే మంచిది. అమ్మమ్మగారు ఏమీ అనుకోవద్దు, మగపిల్లలు సగటున కొద్దిగా వెనకే కానీ ఆ తేడా చిన్నది. మూడేళ్ల దాకా ఆగడానికి అది కారణం కాదు. "రెండు భాషలు కదా, అందుకే" అని ఆగడం కూడా అంతే తప్పు.

ఇవి చెప్పండి. చేత్తో చూపించకుండా "చెప్పులు తీసుకురా" అంటే తెస్తాడా? విమానం వెళ్తుంటే వేలు పెట్టి మీకు చూపిస్తాడా? వెనక నుంచి పేరు పెట్టి పిలిస్తే తిరుగుతాడా? ఇంతకుముందు అన్న మాటలు ఏవైనా మానేశాడా? చివరిదానికి ఔను అయితే ఒక్క వారం కూడా ఆగొద్దు.

కొండాపూర్:
చెప్పులు తెస్తాడు, రెండు భాషల్లో చెప్పినా. వేలు పెట్టి చూపిస్తాడు. మానేసిన మాటలు లేవు. పిలిస్తే మాత్రం ఒక్కోసారి తిరగడు. జలుబు ఎక్కువ, చెవి నొప్పి కూడా వస్తుంటుంది. అన్నం తినేటప్పుడు ఫోన్‌లో రైమ్స్ పెడతాం, లేకపోతే తినడు.

స్పీచ్ థెరపిస్ట్:
అర్థం చేసుకోవడం, వేలితో చూపించడం బాగున్నాయంటే అది మంచి సూచన. నాకు అనుమానం చెవి మీదే. జలుబు పదే పదే వస్తే కర్ణభేరి వెనక నీరు చేరుతుంది. నొప్పి లేకపోయినా మాట మసగ్గా వినిపిస్తుంది. పుట్టినప్పుడు వినికిడి పరీక్ష సరిగ్గా వచ్చినా సరే, ఇది తర్వాత వచ్చేదే. ముందు ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించి వినికిడి పరీక్ష చేయించండి. ప్రభుత్వంలో కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి ఉంది. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం కూడా ఉంది, అక్కడ వినికిడి, మాట రెండూ చూస్తారు. ప్రైవేటుకు వెళ్తే థెరపిస్ట్‌కు రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగండి, మొహమాటం వద్దు.

ఫోన్ తీసేయండి. రెండేళ్లు నిండని పిల్లలకు స్క్రీన్ అసలు వద్దనే 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. మీ అమ్మగారితో వీడియో కాల్ వేరు, అందులో మాటకు మాట తిరిగి వస్తుంది. రెండు మూడు పూటలు గోల చేస్తాడు, ఆకలేస్తే తింటాడు. ఆ ముద్దల టైమే మాటలకు బంగారం లాంటిది.

ఇంట్లో ఎవరి భాష వాళ్లు మాట్లాడండి. "పానీ" అని మీ దగ్గరికొస్తే "పానీ కాదు, నీళ్లు అను" అనొద్దు. "నీళ్లు కావాలా? ఇదిగో చల్లటి నీళ్లు" అని ఇవ్వండి. అడగకముందే అన్నీ చేతికి అందించకుండా కాసేపు ఆగి వాడి మొహం చూడండి. ఇంగ్లిష్ కోసం మీరు తడుముకుంటూ మాట్లాడితే మాటలు తగ్గిపోతాయి. ప్లేస్కూల్ ఇంగ్లిష్ ప్లేస్కూల్‌లోనే వస్తుంది.

వస సంగతి: పిల్లలకు పెట్టకండి. దాంతో మాటలు వస్తాయనడానికి ఆధారం లేదు, అందులో హాని చేసే పదార్థం కూడా ఉంది. అమ్మగారికి మెల్లగా చెప్పండి.

జవాబు (తార్నాక నుంచి, ఒక నాన్న):
మాది తమిళం, తెలుగు ఇల్లు. ఒక్కటి గమనించాను. మీ వైపు అపార్ట్‌మెంట్లలో కింద ఆడుకునే పిల్లలంతా హిందీ, ఇంగ్లిషే. హిందీకి ఢోకా లేదు, జారిపోయేది తెలుగే. మానేయమన్నది కూడా దాన్నే, చిత్రం.

కొండాపూర్:
థాంక్స్ అండి. గురువారం వెళ్తున్నాం. పరీక్షకు నిద్రపోవాలంటున్నారు, నిజమేనా? వీడు కొత్త చోట పడుకోడు.

స్పీచ్ థెరపిస్ట్:
బెరా అయితే, అంటే శబ్దం చెవి నుంచి మెదడుకు చేరుతోందా అని చూసే పరీక్ష అయితే, నిద్రలోనే చేస్తారు. ఆ రోజు తొందరగా లేపి, దారిలో కారులో కునుకు తీయనివ్వకండి. అక్కడే పాలు పట్టి పడుకోబెట్టండి. అయినా పడుకోకపోతే డాక్టర్ నిద్రపుచ్చే సిరప్ ఇస్తారు, అందుకని పాలెప్పుడు ఆపాలో ముందే ఫోన్ చేసి అడగండి. మెలకువలో చేసే పరీక్ష కూడా ఉంది. శబ్దం వచ్చిన వైపు తిరిగితే బొమ్మ వెలుగుతుంది, వీడి వయసుకు అదీ పనికొస్తుంది. జలుబు ఉన్నా వెళ్లండి, ముక్కు కారుతోందని మాత్రం వాళ్లకు చెప్పండి.