అప్‌డేట్: రంగులు పూర్తయ్యాక బొమ్మలు మార్చమన్న సంగతి

32 పేజీల పిల్లల పుస్తకానికి రంగులన్నీ వేశాక ఎడిటర్ ఆరు బొమ్మలు మార్చమన్నారని, ఉచితంగా చేయాలా అని పోయిన నెల అడిగాను కదా. అది తేలింది.

మీరు చెప్పినట్టే ముందు అగ్రిమెంట్ తీసి చదివాను. రఫ్ స్కెచ్ దశలో రెండుసార్లు మార్పులు ఉచితమని ఉంది. రంగుల తర్వాత సంగతి ఒక్క ముక్క లేదు. అదే రాసి పంపాను. నాలుగు రోజులు జవాబు లేదు, టెన్షన్‌తో పని ముట్టుకోలేకపోయాను. చివరికి నాలుగు బొమ్మలకు విడిగా డబ్బు ఇస్తామన్నారు.

మిగతా రెండూ నా తప్పే, వాటికి అడగలేదు. ఒకదాంట్లో పాప ముఖం సరిగ్గా రెండు పేజీల మధ్య మడతలో పడింది. స్క్రీన్ మీద అస్సలు తెలియలేదు. ప్రింట్లు తీసి, మడిచి, కుట్టి డమ్మీ చేసి చూస్తే ఒక కన్నే కనిపించింది! పాపను ఎడమ పేజీలోకి జరిపి, మధ్యలో గొడుగు నీడ మాత్రం ఉంచాను. నిజానికి బొమ్మ ఇప్పుడే బాగుంది. ఇంకోదాంట్లో గౌను జేబు 3వ పేజీలో కుడివైపు, 11వ పేజీలో ఎడమవైపు ఉంది. పిల్లలు ఇలాంటివి ఇట్టే పట్టేస్తారు.

ఫైళ్లు నిన్న పంపేశాను. డమ్మీ చేసి చూడమన్నవారికి చాలా థాంక్స్ అండీ.