సూర్యాస్తమయం ఫొటోకి క్యాప్షన్: ఛత్రమై అనాలా, ఛత్రంబై అనాలా?

నీలికలువ:
నిన్నటి నుంచి ఒక పద్యపాదం సగమే గుర్తొచ్చి వేధిస్తోంది. మా తమ్ముడి కొడుకు గట్టు మీద నిలబడి ఉండగా సాయంకాలం తీసిన ఫొటోలు నాలుగున్నాయి. ఒకదాంట్లో సూర్యుడు సరిగ్గా తలకి పైన, ఒకదాంట్లో చెవి దగ్గర, ఒకదాంట్లో మణికట్టు దగ్గర, చివరిదాంట్లో పాదాల కింద. నాలుగూ ఒకే పోస్టులో పెడదామని చూస్తున్నాను. చూడగానే పోతన భాగవతంలోని వామనుడి పద్యం తట్టింది. "...ఛత్రమై శిరోరత్నమై శ్రవణాలంకృతియై..." అని నోటికొస్తోంది కానీ దాని ముందు మాట రావడం లేదు. అసలు "ఛత్రమై" అనేనా? "అందమైన సాయంత్రం" లాంటి క్యాప్షన్ పెట్టడం ఇష్టం లేదు. ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ఆపితే బాగుంటుందో కూడా చెప్పండి.

యతిప్రియ:
ఛత్రంబై. మత్తేభ వృత్తం కదండీ, అక్కడ మగణం పడాలి, మూడూ గురువులే (రెండు మాత్రల అక్షరాలే): ఛ, త్రం, బై. "ఛత్రమై" అంటే నడిమి అక్షరం లఘువైపోతుంది, గణం చెడుతుంది. అది కూడా సరిగ్గా యతి పడే పద్నాలుగో అక్షరం దగ్గర, అంటే పాదం మొదటి అక్షరంతో జత కుదరాల్సిన చోట. "రవి"లోని రేఫకి (రకారానికి) "త్రం"లోని రేఫతో మైత్రి. అందుకే అక్కడ గొడుగుకి ఇంకే పర్యాయపదమూ కుదరదు. "ఆతపత్రం" తెచ్చినా రేఫ చోటు తప్పుతుంది.

పాతపుస్తకం:
పద్యం మొత్తం పెడుతున్నాను, అందరికీ కళ్ల ముందు ఉంటుంది.

రవిబింబం బుపమింపఁ బాత్రమగు ఛత్రంబై శిరోరత్నమై
శ్రవణాలంకృతియై గళాభరణమై సౌవర్ణకేయూరమై
ఛవిమత్కంకణమై కటిస్థలి నుదంచద్ఘంటయై నూపుర
ప్రవరంబై పదపీఠమై వటుడు దా బ్రహ్మాండమున్ నిండుచోన్

నీలికలువ గారూ, మీకు గుర్తు రానిది "రవిబింబం బుపమింపఁ బాత్రమగు". అసలు వాక్యం అదే, తక్కినదంతా దానికి అమరిన వరుస.

తేటగీతి:
పద్యం బాగుంది కానీ ఫోన్లో చదివేవాళ్లకి "బాత్రమగు" అని పెడితే టైపింగ్ తప్పు అనుకుంటారు. క్యాప్షన్‌కి "ఉపమింప పాత్రమగు" అని రాయడమే మేలు. ఛందస్సుకి నష్టమేమీ లేదు. మిం-ప-పా అన్నా మిం-ప-బా అన్నా రగణమే (గురువు, లఘువు, గురువు). యతి, ప్రాస రెండూ ఆ అక్షరం జోలికి రావు.

యతిప్రియ:
ఛందస్సుకి నష్టం లేదు, నిజమే. వ్యాకరణం మాటేమిటి? ఉపమింపన్ అనేది ద్రుతాంతం, అంటే చివర "న్" ఉన్న మాట. దాని మీద పరుషం సరళమవుతుంది, అంటే "ప" "బ" అవుతుంది. అరసున్న తీసేసి, "బ"ని "ప" చేస్తే ద్రుతం ఉందన్న ఆనవాలే మిగలదు. పైగా ఇది పోతన పద్యం. మన సౌకర్యం కోసం ఒక అక్షరం సరిదిద్దితే రేపు ఇంకొకరు "ఛత్రంబై"ని "ఛత్రమై" చేస్తారు. ఇప్పుడు జరిగింది అదే కదా.

తేటగీతి:
ఆ రెండూ ఒకటి కావండీ. ఒకటి లయని చెడగొడుతుంది, రెండోది పలుకుబడిని ఈ కాలానికి దగ్గర చేస్తుంది. అరసున్నలు వదిలేసి అచ్చువేసిన ప్రతులు ఎన్ని లేవు? వాటిని తప్పుల తడకలంటామా?

లెన్సుకన్ను:
ఛందస్సు నాకు అంతగా తెలియదు, ఫొటోల సంగతి మాత్రం తెలుసు. నాకు ఈ పద్యంలో అర్థం కానిది వేరే. సూర్యబింబం మన కంటికి అర డిగ్రీ వెడల్పే కనిపిస్తుంది. అంటే ఏ వస్తువైనా సూర్యుడంత కనబడాలంటే దాని వెడల్పుకి సుమారు 107 రెట్ల దూరంలో ఉండాలి. రెండు సెంటీమీటర్ల చెవికమ్మ అయితే రెండు మీటర్ల పైచిలుకు దూరం చాలు. మీటరు వెడల్పు గొడుగు అయితే కుర్రాడు వంద మీటర్ల అవతల నిలబడాలి, పెద్ద లెన్స్ ఉండాలి. ఫోన్లో దగ్గర నుంచి తీస్తే తల మీద సూర్యుడు పూసంతే కనిపిస్తాడు. అది శిరోరత్నం అవుతుంది కానీ ఛత్రం కాదు. కాబట్టి మొదటి ఫొటో చూడకుండా "ఛత్రంబై" అని పెట్టేయమనడం నాకు నచ్చలేదు. నీలికలువ గారూ, ఆ ఫొటోలో సూర్యుడు తల కంటే పెద్దగా ఉన్నాడా, చిన్నగా ఉన్నాడా? ఇంకో సంగతి, పెద్ద లెన్స్ వాడితే కెమెరాలో కన్ను పెట్టి చూసే అద్దంలోంచి నేరుగా సూర్యుణ్ణి చూడకండి, కన్ను పోతుంది. స్క్రీన్ మీదే చూసుకోండి.

నీలికలువ:
తల కంటే చిన్నగానే ఉన్నాడు. కానీ తలకి ఆనలేదు, జానెడు పైన ఉన్నాడు. అందుకే గొడుగు అనిపించింది.

పాతపుస్తకం:
అయితే ఛత్రమే. పద్యంలో ఉన్నది తావు, పరిమాణం కాదు. దేహం పెరిగేకొద్దీ సూర్యుడు దాని పక్కన చిన్నవాడవుతూ పోవాలి. కానీ చివర "పదపీఠమై" అన్నాడు. పీఠం కాలి అందె కంటే పెద్దదే కదా. పరిమాణమే లెక్కయితే ఆ వరుస నిలవదు. సూర్యుడు ఉన్నచోటే ఉన్నాడు, వటుడు (బ్రహ్మచారి వామనుడు) లేస్తున్నాడు, ఏ అవయవం ఆ ఎత్తుకి వస్తే అక్కడి అలంకారంతో పోల్చడానికి బింబం తగినదైంది. "ఉపమింపఁ బాత్రమగు" అని ముందే చెప్పింది అందుకే. గొడుగు అయిందనలేదు, గొడుగుతో పోల్చదగ్గది అయిందన్నాడు.

తేటగీతి:
నేను ఇంకో రకంగా చదువుతాను. మొత్తం తొమ్మిది పోలికలు. నడుమ ఏడూ ఒంటి మీది నగలు. మొదటిది ఛత్రం, చివరిది పదపీఠం, ఆ రెండూ నగలు కావు, రాజచిహ్నాలు. మూడడుగుల నేల అడగడానికి వచ్చిన వడుగు గొడుగుతో మొదలై పాదపీఠంతో ముగుస్తున్నాడు. అంటే బలి కూర్చున్న సింహాసనం పద్యం పూర్తయ్యేసరికి ఎవరిదైపోయిందో చెప్పకనే చెప్పాడు. "పాత్రమగు"లో కూడా దానానికి పాత్రుడు అన్న మాట వినిపిస్తుంది నాకు. దానం పట్టినవాడు పాత్రుడైతే, ఆకాశంలోని సూర్యుడు కూడా పాత్రమయ్యాడు.

యతిప్రియ:
"పాత్ర" దగ్గర మీరు చెప్పింది ఊహ, అందంగానే ఉంది. గొడుగుని రాజచిహ్నం అనడం మాత్రం ఒప్పుకోను. వామనుడు బలి దగ్గరికి వచ్చినప్పుడే చేతిలో గొడుగు ఉంది. అది బ్రహ్మచారి గొడుగు. వ్యాసుడి సంస్కృత మూలంలో ఉపనయనం వేళ భూమి కృష్ణాజినం (జింక చర్మం) ఇస్తుంది, సోముడు దండం ఇస్తాడు, ఛత్రం ఇచ్చింది ఆకాశం. ఆకాశం ఇచ్చిన గొడుగు పట్టుకొచ్చినవాడికి ఆకాశంలోని సూర్యుడే గొడుగైనాడు. రాజుల దాకా పోనక్కర్లేదు. ఇంకొకటి, మూలంలో బలి చూసిన విశ్వరూపంలో సూర్యుడు కన్నుల్లో ఉంటాడు. ఈ నగల వరుస అక్కడ లేదు.

పాతపుస్తకం:
ఈ ఘట్టంలోనే "ఆదిన్ శ్రీసతి కొప్పుపై" పద్యం ఉంది కదా, రెండూ పక్కపక్కన పెట్టి చదవండి. అక్కడ వరుసంతా "పై", "పై", "పై". ఇక్కడ "ఐ", "ఐ", "ఐ". అక్కడ లక్ష్మి కొప్పు మీదా పాదాల మీదా తిరిగిన విష్ణువు చెయ్యి దానం పట్టేటప్పుడు కిందవుతుంది, బలి చెయ్యి పైనవుతుంది. ఇక్కడ అదే దేహం కింద నుంచి లేచి సూర్యుణ్ణి కాళ్ల కిందికి తెచ్చుకుంటుంది. బలి ఆ మాట శుక్రుడితో అన్నప్పుడు తన చెయ్యి పైనుంటుందనే గర్వపడ్డాడు. కాసేపటికే ఆ కిందున్న చెయ్యి ఎంతెత్తుకి లేచిందో ఈ పద్యం చూపిస్తుంది. పోతన జాబితా రాస్తే అందులో కథ నడుస్తుంది. ఒక్క మాట తీసినా ఒక మెట్టు పోయినట్టే. నాకు ఆయన పద్యాలన్నిట్లో ఈ రెండింటి మీదే మక్కువ ఎక్కువ.

నీలికలువ:
చాలా విషయాలు తెలిశాయి, సంతోషం. అయితే క్యాప్షన్ ఎంతవరకు పెట్టను? పద్యం మొత్తం పెడితే ఎవరూ చదవరేమో అనిపిస్తోంది.

తేటగీతి:
మొత్తం వద్దు. ఫొటోకి ఒక మాట చాలు. మొదటి దాని మీద "ఛత్రంబై", రెండో దాని మీద "శ్రవణాలంకృతియై", మూడో దాని మీద "కంకణమై", నాలుగో దాని మీద "పదపీఠమై". వేలితో జరుపుతూ పోతే పద్యం నడుస్తున్నట్టే ఉంటుంది.

యతిప్రియ:
"ఛవిమత్" వదిలేసి "కంకణమై" ఒక్కటే పెడితే ఆ పాదానికి ప్రాసాక్షరమే (ప్రతి పాదంలో రెండో అక్షరం) పోయింది. రవి, శ్రవ, ఛవి, ప్రవ. పైగా సాయంకాలం వెలుగు మణికట్టు మీద పడిన ఫొటోకి "కాంతిగల కంకణం" కంటే సరిపోయే మాట ఏముంది? వదలొద్దు.

పాతపుస్తకం:
నేను మాటల ముక్కలకే ఒప్పుకోను. చెవి దగ్గర సూర్యుడున్న ఫొటో కింద "శ్రవణాలంకృతియై" అని రాస్తే చూసేవాళ్లకి కనిపెట్టడానికి ఏమీ మిగలదు. ఫొటోలో కనిపిస్తున్నదే క్యాప్షన్ మళ్లీ చెప్పకూడదు. ఫొటో చెప్పలేనిది చెప్పాలి. ఈ నాలుగు ఫొటోలూ పెరగడాన్ని చూపించలేవు. కాబట్టి చివరి సగపాదం పెట్టండి: "వటుడు దా బ్రహ్మాండమున్ నిండుచోన్". చదివినవాడు వెనక్కి వెళ్లి మళ్లీ ఫొటోలు చూస్తాడు. గొడుగు, కమ్మ, కంకణం వాడే పోల్చుకుంటాడు. పద్యం తెలియనివాడికి కూడా పిల్లవాడు లోకమంతా నిండుతున్నాడన్నది అందుతుంది.

యతిప్రియ:
"నిండుచోన్" అంటే నిండే వేళ. వాక్యం అక్కడ ముగియదు. క్రియ మొదటి పాదంలో ఉంది. చివరి సగమే పెడితే "పిల్లవాడు బ్రహ్మాండాన్ని నిండుతున్నప్పుడు" అని ఆగిపోతుంది. ఏం జరిగింది అని అడగరా?

పాతపుస్తకం:
అడగాలనే పెట్టమంటున్నాను. ఏం జరిగిందో ఫొటోల్లో ఉంది. వాక్యాన్ని బొమ్మ పూర్తి చేస్తే అంతకంటే మంచి క్యాప్షన్ ఇంకేం కావాలి?

లెన్సుకన్ను:
ఆ మాట బాగుంది. కానీ పోస్టు కనిపించేటప్పుడు క్యాప్షన్లో మొదటి కొద్ది మాటలే కనిపిస్తాయి, తక్కినది నొక్కితే గానీ రాదు. కాబట్టి మొదట ఏది పెడతారన్నదే ముఖ్యం. ఇన్‌స్టాగ్రామ్‌లో 2,200 అక్షరాల దాకా చోటు ఉంది, పద్యం మొత్తం కింద పెట్టుకోవచ్చు. ముందు మాత్రం పాతపుస్తకం గారన్న సగపాదం పెట్టి, ఒక లైను వదిలి, నాలుగు పాదాలూ ఇవ్వండి.

యతిప్రియ:
నాలుగు పాదాలూ పెడితే ఒకటి చూసుకోండి. మూడో పాదం చివరి "నూపుర"లో "ర" దానంతట అది లఘువు. తర్వాతి పాదం "ప్ర"తో మొదలవుతుంది కాబట్టే గురువైంది. ఆ రెండు పాదాల మధ్య ఖాళీ లైన్లు, పువ్వుల గుర్తులు పెట్టొద్దు. చదివేవాడు అక్కడ ఆగితే సమాసం విరిగిపోతుంది.

నీలికలువ:
అలాగే పెడతాను. ముందు "వటుడు దా బ్రహ్మాండమున్ నిండుచోన్", కింద మొత్తం పద్యం. మొదటి పాదంలో ప రాయనా, బ రాయనా? ఇది ఒక్కటి తేల్చండి, వెంటనే పోస్ట్ చేసేస్తాను.

యతిప్రియ:
బ. ముందు అరసున్న కూడా ఉంచండి. "దా" అని రాస్తున్నారు కదా, అది "తా" అని ఎవరూ దిద్దలేదే? "వటుడు" అన్న ప్రథమా విభక్తి మాట మీద తకారం దకారమైంది. అక్కడ ఒప్పుకున్నవాళ్లు ఇక్కడ ఎందుకు ఒప్పుకోరు?

తేటగీతి:
"వటుడు దా" చదివితే అర్థం చెడదు కాబట్టి ఎవరూ దిద్దలేదు. "బాత్రమగు" చదివితే ఆ మాటే తెలియదు. ప రాయండి.

పాతపుస్తకం:
నా దగ్గరున్న ప్రతిలో బ ఉంది. అయినా పిల్లవాడి ఫొటోకి "వటుడు" అన్నారు గానీ, వడుగు (ఉపనయనం) కాని పిల్లవాణ్ణి వటుడనవచ్చా అని ఎవరూ అడగలేదేం?